మండే నీరు – ఓక్ పీపా: ఆర్మాన్యాక్ కథ



బ్రాందీ అనే మాట తెలియని తెలుగువాడు ఉండడు. తాగేవాడికీ తెలుసు, తాగనివాడికీ తెలుసు. వెనకటి రోజుల్లో చంటిపిల్లకు జలుబు చేస్తే ఒక చుక్క గుండెలమీద రాసిన అమ్మమ్మలకూ తెలుసు. ఆ మాట ఎక్కడిదని అడిగితే ఇంగ్లీషుది అంటాం. ఇంగ్లీషువాడు దాన్ని డచ్చివారి దగ్గర తీసుకున్నాడు. వాళ్ళ భాషలో 'బ్రాందెవైన్' అంటే కాల్చిన వైన్, అనగా కాచి దింపిన వైన్ అని అర్థం. ఆ డచ్చివారు మనకు కొత్తవాళ్ళేమీ కారు. మన పెద్దలు వలందులని పిలిచింది వాళ్ళనే. మచిలీపట్నంలో, పాలకొల్లులో, భీమునిపట్నంలో గిడ్డంగులు పెట్టుకుని మన నేత బట్టలు కొన్నది వాళ్ళే. ఇవాళ తమిళనాడులో ఉన్న పులికాట్‌లో 1613లో గెల్డ్రియా కోట కట్టిందీ వాళ్ళే. ఆ శతాబ్దంలోనే ఆ వర్తకులే ఫ్రాన్సు నైరుతి మూలన ఒక పల్లెప్రాంతానికి వెళ్ళి, అక్కడి రైతులు కాచే సారాకు ఓడ దారి చూపించారు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ ప్రాంతం కథ. దాని పేరు ఆర్మాన్యాక్. ఆ సారా పేరు కూడా అదే.

ముందుగా ఒక మాట. బడిపంతులు రేడియోలో కూర్చుని బ్రాందీ గురించి చెప్పడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. తాగమని చెప్పడం నా పని కాదు. మన సరిహద్దు ఊళ్ళల్లో సారా ఎన్ని కొంపలు ముంచిందో నాకూ తెలుసు, మీకూ తెలుసు. పైగా మన దుకాణాల్లో బ్రాందీ పేరుతో దొరికేది చాలావరకు చెరకు మొలాసిస్‌నుంచి తీసిన స్పిరిట్టుకు రంగూ రుచీ కలిపినది. ద్రాక్షపండుతో దానికి పెద్దగా చుట్టరికం లేదు. నేను చెప్పేది ఒక ఊరి పేరు, ఒక పని, ఒక పంట ఏడు వందల ఏళ్ళపాటు ఒకదాన్నొకటి పట్టుకుని ఎలా నిలిచాయన్నది. అది చరిత్ర. చరిత్రలో కిక్కు ఉంటే అది నా తప్పు కాదు.

ఫ్రాన్సు పటం తీసుకుంటే నైరుతిన, స్పెయిన్ సరిహద్దులోని పిరనీ కొండలకు ఉత్తరాన, గాస్కోనీ అనే పాత ప్రాంతం ఉంది. అందులో జేర్స్ జిల్లా చాలావరకు, దాని పక్కనున్న లాంద్, లోత్-ఏ-గరోన్ జిల్లాల్లో కొంత భాగం కలిపితే ఆర్మాన్యాక్ సీమ అవుతుంది. దాన్ని మూడు ముక్కలుగా చెబుతారు. పడమట బా-ఆర్మాన్యాక్, అక్కడి ముఖ్యపట్టణం ఎయోజ్. మధ్యన తెనారేజ్, దానికి కోందోమ్ అనే ఊరు కేంద్రం. తూర్పున ఓ-ఆర్మాన్యాక్, ఓష్ పట్టణం చుట్టుపక్కల. పడమటి భాగంలో నేల ఇసుక నేల, పసుపూ ఎరుపూ కలిసిన రంగు. అక్కడి సారాను మెత్తనిదంటారు. మధ్యభాగంలో బంకమట్టీ సున్నపురాయీ కలిసిన నేల. అక్కడిది కుర్రతనంలో పొగరుగా ఉండి ముదిరేకొద్దీ మంచిదవుతుందట. మనుషుల్లో కూడా అలాంటివాళ్ళుంటారు, అది వేరే సంగతి. పెద్ద నగరం ఒక్కటీ లేని ప్రాంతమది. సన్నకారు రైతులు, బాతుల పెంపకం, పొద్దుతిరుగుడు చేలు, వాటి మధ్య ద్రాక్షతోటలు.

మీలో 'త్రీ మస్కెటీర్స్' కథ విన్నవాళ్ళుంటారు. అలెగ్జాండర్ ద్యూమా 1844లో రాసిన ఆ నవలలో కథానాయకుడు దార్తన్యాన్ ఉత్త కల్పన కాదు. అసలు దార్తన్యాన్ 17వ శతాబ్దంలో ఈ జేర్స్ ప్రాంతంలోనే, లూపియాక్ అనే పల్లె దగ్గర పుట్టాడు. 1673లో మాస్త్రిక్ట్ ముట్టడిలో చనిపోయాడు. చేతిలో కాసు లేకపోయినా కత్తీ, మాటకారితనం, మీసం మెలేసే పౌరుషం ఉండే మనిషిని ఫ్రాన్సులో ఇప్పటికీ గాస్కన్ అని ఆట పట్టిస్తారు.

సరే, సారా దగ్గరికి వద్దాం. ఫ్రాన్సులో ద్రాక్షనుంచి దింపే సారాల్లో ఆర్మాన్యాకే అన్నిటికంటే పాతదని చెబుతారు. దానికి చూపే ఆధారం ఒక క్రైస్తవ సన్యాసి రాసిన వైద్య గ్రంథం. ఆయన పేరు విటాల్ దు ఫూర్, ఫ్రాన్సిస్కన్ సంఘానికి చెందిన పండితుడు, 1312లో కార్డినల్ అయ్యాడు. 1310 ప్రాంతంలో ఆయన ఈ 'మండే నీటి'కి నలభై గుణాలున్నాయని రాశాడు. కళ్ళ ఎరుపు తగ్గిస్తుందనీ, జ్ఞాపకశక్తి పెంచుతుందనీ, పిరికివాడికి ధైర్యమిస్తుందనీ ఆ జాబితా సాగుతుంది. నలభై గుణాల్లో మొదటి రెండింటి సంగతేమో గాని, మూడోది మన ఊళ్ళల్లో శనివారం సాయంత్రం ఎవరైనా రుజువు చెయ్యగలరు! గమనించవలసిన విషయం ఏమిటంటే, అది అప్పట్లో మందు. సన్యాసుల మఠాల్లో, వైద్యుల దగ్గర చిన్న సీసాల్లో ఉండేది. మనం కూడా సారాను 'మందు' అనే అంటున్నాం కదా. ఆ నీటిని అక్కడి గాస్కన్ భాషలో 'ఐగ అర్దెంత' అన్నారు, అంటే మండే నీరు. ఫ్రెంచిలో ఇలాంటి సారాలన్నిటికీ 'ఓ-ద-వీ' అని పేరు, అంటే జీవజలం. ఒకే వస్తువును ఒక భాష మంట అంది, ఇంకో భాష ప్రాణం అంది.

మందు చీటీలో ఉన్నది పెద్ద వ్యాపారమెలా అయింది? ఇక్కడే చరిత్ర చిత్రంగా ఉంటుంది. ఈ ప్రాంతపు వైన్ సముద్రానికి చేరాలంటే గరోన్ నది మీదుగా బోర్దో రేవుకు వెళ్ళాలి. బోర్దోవారికి సొంత తోటలున్నాయి. ఆ ప్రాంతం ఇంగ్లండు రాజుల ఏలుబడిలో ఉన్నప్పుడే వాళ్ళు కొన్ని హక్కులు సంపాదించుకున్నారు. ఎగువ ప్రాంతాల వైన్ చలికాలం ముదిరేదాకా తమ రేవులో దిగకూడదన్నది వాటిలో ముఖ్యమైనది. అప్పటికి ఇంగ్లీషు ఓడలు, డచ్చి ఓడలు బోర్దో సరుకు ఎత్తుకుని వెళ్ళిపోయేవి. ఎగువ రైతు తన పీపాల పక్కన కూర్చుని చూస్తూ ఉండాలి. దిగువవాడు తూము మూస్తే ఎగువవాడి చేను ఎండిపోయినట్టన్నమాట; కాలవ నీళ్ళ తగాదాలు చూసిన మీకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఈ హక్కుల్ని 1776లో ఆర్థికమంత్రి త్యూర్గో రద్దు చేసేదాకా ఆ పెత్తనం సాగింది.

ఆ కట్టడి వైన్ మీద. కాచిన సారా మీద లేదు. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు ఈ సందు కనిపెట్టారు. వైన్ కాస్తే ఐదారు పీపాలు ఒక పీపా అవుతుంది. బండి ఎడ్లకు బరువు తగ్గుతుంది, ఓడలో చోటు కలిసొస్తుంది, దారిలో పులిసిపోదు. వాళ్ళ ఓడల్లో నావికులకు అది కావాలి, ఉత్తరాది చలిదేశాల్లో అమ్మడానికీ కావాలి. బోర్దో దారినే కాక, దక్షిణాన అదూర్ నది మీదుగా బయోన్ రేవుకు కూడా సరుకు వెళ్ళింది. అలా రాజధర్మం వేసిన అడ్డుకట్ట ఒక కొత్త సరుకును పుట్టించింది. అమ్ముడుపోని ఏళ్ళల్లో రైతు ఆ సారాను అడవి ఓక్ చెక్కతో చేసిన పీపాల్లోనే ఉంచేశాడు. కొన్నేళ్ళ తరువాత తెరిచి చూస్తే తెల్లగా మంటలా ఉన్నది తేనెరంగులోకి మారి, గొంతులో మెత్తగా దిగుతోంది. పీపాలో పాతబడేకొద్దీ విలువ పెరుగుతుందన్న ఎరుక అలా బేరం కుదరని ఏళ్ళలో కలిగింది.

ఇక కాచే పద్ధతి. సాటి ఫ్రెంచి బ్రాందీ కాగ్నాక్‌ను రెండుసార్లు కాస్తారు. ఆర్మాన్యాక్‌ను ఆనవాయితీగా ఒక్కసారే కాస్తారు. దానికి వాడే రాగి బట్టీకి 1818లో ఓష్ పట్టణంలో పొయ్యిలు చేసే త్యుయియేర్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. దాని తెలివి ఇదీ: మన దగ్గర సారా కాచేటప్పుడు ఆవిరి చల్లారడానికి నీళ్ళకుండ పెడతారు కదా, ఇక్కడ నీళ్ళకు బదులు కాచవలసిన చల్లటి వైన్‌నే పెట్టారు. వేడి ఆవిరి మెలికల గొట్టంలో దిగుతూ చుట్టూ ఉన్న వైన్‌కు వేడి ఇస్తుంది; తను చల్లారి సారా అవుతుంది. వేడెక్కిన ఆ వైన్ బట్టీ పైభాగంలోకి చేరి, పళ్ళేల మీదుగా మెట్లు దిగినట్టు కిందికి జారుతుంది. కిందనుంచి లేచే ఆవిరి దానిలోంచి బుడగలుగా పైకి వస్తూ దాని వాసనల్ని మూటగట్టుకుపోతుంది. కట్టెలు ఆదా, నీళ్ళు ఆదా, పని ఆగదు. బట్టీనుంచి దిగే సారాలో ఆల్కహాలు సుమారు 52నుంచి 60 శాతం. కాగ్నాక్‌లో అది 70 దాకా వెళుతుంది. తక్కువ శాతంలో దిగినందువల్ల ద్రాక్ష వాసనలు, కొంత మొరటుతనం కూడా సారాలోనే ఉండిపోతాయి. ఆ మొరటుతనాన్ని లొంగదీయడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే ఆర్మాన్యాక్‌కు పీపాతో అంత పని.

బట్టీ కొనే స్తోమతు సన్నకారు రైతుకు ఎక్కడిది? కాబట్టి బట్టీయే రైతు దగ్గరికి వచ్చేది. చక్రాల బండి మీద రాగి బట్టీ కట్టుకుని, మొదట ఎడ్లతో, తరువాత ట్రాక్టర్లతో, ఇంటింటికీ తిరిగే కాపరులు ఉండేవారు. ఇప్పటికీ కొందరున్నారు. మన పల్లెల్లో నూర్పిడి యంత్రం వచ్చినప్పుడు ఉండే సందడి తలచుకోండి. కోత శరత్కాలంలో ముగుస్తుంది. వైన్ పులిసిన వెంటనే బట్టీ వెలుగుతుంది. మరుసటి ఏడాది మార్చి 31 లోగా కాపు పూర్తి కావాలన్నది నియమం. ఒకసారి పొయ్యి రాజేశారంటే రాత్రీ పగలూ ఆర్పరు. కాపరి బట్టీ పక్కనే కునుకు తీస్తాడు, మంట చప్పుడులో తేడా వస్తే లేస్తాడు. బయట మంచు, లోపల రాగి వేడి, ఇరుగుపొరుగు చేరి బాతుమాంసం కాల్చుకుని తింటూ పేకాట. ఇప్పుడు దాన్ని పండగగా కూడా చేస్తున్నారు. చలికాలంలో బయటివాళ్ళు వచ్చి చూసేందుకు బట్టీల దగ్గర భోజనాలు ఏర్పాటు చేస్తారు.

పీపా సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే సగం కథ అందులోనే ఉంది. పీపా సుమారు 400 లీటర్లది. గాస్కోనీ అడవుల ఓక్, లేదా లిముజాన్ ప్రాంతపు ఓక్. చెక్కను రంపంతో కోయకుండా నారవెంట చీల్చి, ఆరుబయట ఏళ్ళతరబడి ఎండకూ వానకూ వదిలేస్తారు; చెక్కలోని చేదు వానలో కొట్టుకుపోతుంది. తరువాత నిప్పుల మీద వంచి పీపా కడతారు, లోపల కాస్త మాడుతుంది. కొత్త సారాను ముందు కొత్త పీపాలో పోస్తారు. అది చెక్కనుంచి రంగు, వగరు లాగేస్తుంది. ఎక్కువకాలం ఉంచితే చెక్క రుచి సారాను మింగేస్తుంది కాబట్టి, కొంతకాలానికి పాత పీపాలోకి మారుస్తారు. అక్కడ ఇక చెక్కతో పని తక్కువ, గాలితో పని ఎక్కువ. చెక్క నారల్లోంచి గాలి లోపలికి, ఆవిరి బయటికి. ఏటా వందకు రెండు మూడు వంతులు ఇలా ఎగిరిపోతాయి. దాన్ని దేవదూతల వాటా అంటారు. తడి నేల ఉన్న కొట్టులో ఆల్కహాలు ఎక్కువ ఎగురుతుంది, పొడి కొట్టులో నీరు ఎక్కువ ఎగురుతుంది. ఏ పీపా ఏ మూల ఉండాలో యజమాని ఎరుగును. ఆ ఆవిరిని తిని బతికే ఒక బూజు గోడలకూ పెంకులకూ నల్లగా పడుతుంది. ఎక్సైజువాళ్ళకు ఆ నల్లటి గోడ కంటే వేరే సాక్ష్యం అక్కరలేదు!

ఇరవై ముప్ఫై నలభై ఏళ్ళకు ఇక చాలనిపించినప్పుడు సారాను పీపానుంచి తీసి పెద్ద గాజుబుడ్లలో పోసి బిరడా పెడతారు. గాజులో అది ఇక మారదు. ఆ పాత సరుకు దాచే మూలకు వాళ్ళు పెట్టుకున్న పేరు స్వర్గం.

ఇక్కడే ఆర్మాన్యాక్‌కున్న ప్రత్యేకత. కాగ్నాక్ పెద్ద వర్తకుల చేతుల్లో పెరిగింది. వాళ్ళు వేర్వేరు ఏళ్ళ సరుకు కలిపి ఎప్పుడూ ఒకే రుచి వచ్చేలా చూస్తారు. ఆర్మాన్యాక్ రైతు ఇంట్లో పెరిగింది. ఏ ఏడు పంట ఆ ఏటి పీపాలో. పీపా తలమీద సుద్దతో ఏడు. వానలు చెడిన ఏడు, ఎండ కాసిన ఏడు, కొడుకు పుట్టిన ఏడు. అందువల్ల ఒకే ఏటి పంటను ఏటి పేరుతో అమ్మే అలవాటు ఇక్కడ గట్టిగా నిలిచింది. అలా ఏడు వేసి అమ్మాలంటే పీపాలో కనీసం పదేళ్ళు ఉండి తీరాలని నియమం. సీసామీద ఉన్నది కోత జరిగిన ఏడు. వయసు లెక్కకు అది ఒక్కటే చాలదు. 1973 పంటను 2003లో సీసాలోకి ఎత్తితే దాని వయసు ముప్ఫై ఏళ్ళు; ఆ సీసాను ఇవాళ తెరిచినా ముప్ఫై ఏళ్ళే. అందుకే కొనేవాడు సీసాలో పోసిన తేదీ కూడా చూస్తాడు. పుట్టిన ఏటి సీసాను పుట్టినరోజుకు కానుకగా ఇవ్వడం ఫ్రాన్సులో ఆనవాయితీ.

ఇంత నిదానంగా సాగే పనికి 19వ శతాబ్దం చివర పెద్ద దెబ్బ తగిలింది. అమెరికానుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే వేరుపురుగు యూరప్ ద్రాక్షతోటల్ని తినేసింది. 1870ల చివర అది ఈ ప్రాంతంలో దిగింది. పదిహేనేళ్ళలో తోటలు మోడులయ్యాయి. అప్పటిదాకా ఆర్మాన్యాక్‌కు ప్రాణమైన 'ఫోల్ బ్లాంష్' అనే తెల్ల ద్రాక్ష ఆ తరువాత అంటుమొక్కల మీద సరిగా నిలవలేదు, గుత్తులు కుళ్ళిపోయేవి. అప్పుడు ముందుకు వచ్చినవాడు ఒక బడిపంతులు. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరిగితే క్షమించండి. లాంద్ జిల్లాలో బేలూస్ అనే పల్లెలో పాఠాలు చెప్పే ఫ్రాన్స్వా బాకో 1898లో ఫోల్ బ్లాంష్‌ను నోవా అనే అమెరికా సంకరజాతితో కలిపి కొత్త మొక్క తీశాడు. దాని పేరు బాకో 22-ఎ. ఇసుక నేలలో బాగా నిలిచింది, తెగుళ్ళకు ఓర్చింది. పండును తినడానికి ఎవరూ మెచ్చుకోరు గాని, కాచిన సారా పీపాలో దీర్ఘకాలం నిలుస్తుంది. పేరు రక్షణ ఉన్న ఫ్రెంచి మద్యాలకు సంకరజాతి ద్రాక్ష పనికిరాదని గట్టి పట్టుదల. ఒక దశలో 2010 లోగా బాకోను పీకెయ్యాలని గడువు కూడా పెట్టారు. రైతులు ఒప్పుకోలేదు. చివరికి దానికి మినహాయింపు దొరికింది. పంతులుగారి మొక్క నిలిచింది.

తోటలు పోయినప్పుడు ఇంకో చీడ వచ్చింది: నకిలీ. బీట్‌రూటు స్పిరిట్టు, ధాన్యపు స్పిరిట్టు తెచ్చి రంగు వేసి ఆర్మాన్యాక్ పేరుతో అమ్మేవాళ్ళు తయారయ్యారు. అసలు సరుకు పదేళ్ళు దాచినవాడికి, నిన్న కలిపినవాడికి బజారులో ఒకే ధర పలికితే అసలువాడు ఎన్నాళ్ళు దాస్తాడు? చివరికి 1909 మే 25న రాష్ట్రపతి ఆర్మాన్ ఫాలియేర్ సంతకంతో ఒక ఉత్తర్వు వచ్చింది. ఏయే ఊళ్ళ సారాకు ఆ పేరు చెల్లుతుందో హద్దులు గీసింది. ఆ రాష్ట్రపతి పుట్టిన మెజాన్ పట్టణం కూడా ఈ సీమలోదే. 1936లో నేల, ద్రాక్ష, బట్టీ, పీపా అన్నీ కలిపి పూర్తి పేరు రక్షణ ఇచ్చారు. మన దేశంలో పోచంపల్లి ఇకత్‌కు, తిరుపతి లడ్డుకు ఇచ్చిన భౌగోళిక గుర్తింపు అదే కోవలోది. మన చట్టం వచ్చింది 1999లో.

పేరు నిలిచింది గాని, ఆ పేర్లు పెట్టిన భాష అంతగా నిలవలేదు. గాస్కన్ అనేది ఫ్రెంచికి యాస కాదు, ఆక్సితాన్ భాషా కుటుంబానికి చెందిన మాట. 1880లలో జూల్ ఫెర్రీ చట్టాలతో బడి ఉచితం, నిర్బంధం అయింది. బడి భాష ఫ్రెంచి. బడిలో ఇంటి భాష మాట్లాడిన పిల్లవాడి చేతికి ఒక గుర్తు ఇచ్చేవారు. ఇంకో పిల్లవాడు అలా మాట్లాడుతూ దొరికేదాకా అది వాడి దగ్గరే ఉండాలి, సాయంత్రానికి ఎవరి దగ్గర మిగిలితే వాడికి శిక్ష. 1951లో గాని ఆ భాషకు బడిలో ఐచ్ఛికంగానైనా చోటు దొరకలేదు. రెండు భాషల్లో పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఈ సంగతి నన్ను పట్టి లాగుతుంది. యానాం శ్రోతలకు ఫ్రెంచి బడి సంగతి వేరే చెప్పాలా? 1723లో పరాసులు దిగి, మధ్యలో ఇంగ్లీషువారు పట్టుకుని వదిలినా, 1954దాకా అక్కడ ఎగిరింది ఫ్రెంచి జెండాయే. అక్కడి బడిలో ఫ్రెంచి చదివిన పెద్దలు ఇంట్లో తెలుగే మాట్లాడారు. గాస్కోనీలో పొయ్యి దగ్గర, కొట్టు దగ్గర, బట్టీ దగ్గర గాస్కన్ కొంతకాలం ఎక్కువ నిలిచింది.

ఇప్పటి సంగతి చెప్పి ముగిస్తాను. కాగ్నాక్ ఏటా కోట్ల సీసాల్లో అమ్ముడవుతుంది. ఆర్మాన్యాక్ లక్షల్లోనే ఉంది. చైనా ఇద్దరికీ పెద్ద ఖాతాదారు. యూరప్ దేశాలు చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద సుంకం వేశాయి. అటుపై 2024 అక్టోబరులో చైనా యూరప్ బ్రాందీ మీద తాత్కాలిక సుంకం వేసి, 2025 జులైలో దాన్ని ఐదేళ్ళకు ఖాయం చేసింది. గరిష్ఠంగా 34.9 శాతం. తమ సరుకును ఒప్పుకున్న కనీస ధరకు తగ్గకుండా అమ్ముతామన్న కంపెనీలను మినహాయించింది. ఎక్కడి కారు, ఎక్కడి పీపా! జేర్స్ జిల్లా రైతు మళ్ళీ తన పీపాల పక్కన కూర్చుని రేవు ఎప్పుడు తెరుస్తారా అని చూస్తున్నాడు. ఈలోగా దేవదూతల వాటా మాత్రం ఏటా వందకు రెండు మూడు చొప్పున వెళుతూనే ఉంది.